సంఘం పుస్తకంలో ఇంటి లక్ష్యాలు

జీవిత లక్ష్యాలను రాసుకోవడం చదువుకున్నవారి అలవాటుగా చెలామణి అవుతున్నప్పటికీ, కోదాడ, మిర్యాలగూడ వంటి ప్రాంతాలతో సహా తెలుగు పల్లెల్లోని మహిళా స్వయం సహాయక సంఘాలకు సూక్ష్మ రుణ ప్రణాళిక పేరుతో అది చాలాకాలంగా పరిచితమే. ప్రతి సభ్యురాలి కుటుంబ ఆదాయం, ఖర్చు, పాత బాకీలు, రాబోయే అవసరాలను నమోదుచేసి, వాటిలో ఏది ముందో సంఘ సమావేశంలో చర్చించి నిర్ణయించే పత్రమే ఈ ప్రణాళిక. ఉమ్మడి రాష్ట్రంలో 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఇటువంటి పద్ధతులను ఊరూరా విస్తరింపజేసింది.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్విన్ లాక్ 1968లో ప్రతిపాదించిన లక్ష్య నిర్దేశ సిద్ధాంతం ప్రకారం, చేతనైనంత చేద్దామనుకోవడం కంటే నిర్దిష్టమైన, కొంత కష్టమైన లక్ష్యమే మెరుగైన ఫలితాన్నిస్తుంది. ‘బాగుపడాలి’ అన్న కోరికకూ, ‘నాట్లకు ముందే గేదెను కొని, పాల డబ్బుతో నెలనెలా కిస్తీ కట్టాలి’ అన్న తీర్మానానికీ ఉన్న తేడా అదే. లక్ష్యాలు రాసుకున్న మూడు శాతం విద్యార్థులే మిగతావారందరికంటే ధనవంతులయ్యారని ప్రచారంలో ఉన్న యేల్ విశ్వవిద్యాలయ అధ్యయనం మాత్రం అసలు జరిగినట్లు ఆధారమే లేదు. వ్యక్తిత్వ వికాస ఉపన్యాసకులు దాన్ని ఇంకా వదలకపోవడం విచిత్రం.

రాసినదాన్ని తోటివారి ముందు తరచూ సమీక్షించుకోవడమే సంఘ పద్ధతికి అసలు బలం. అయితే రుణం కోసం పుట్టిన పత్రం కనుక, ఆగిపోయిన చదువును కొనసాగించాలన్న ఇల్లాలి కోరికకు అందులో సులువుగా చోటు దొరకదు.