ఈసీ చూశారు, వాస్తు చూశారు... రేడాన్ చూశారా?

మీకు తెలుసా? శంషాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొనేవాళ్లు ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు చూపిస్తారు, వాస్తు అడుగుతారు. ఇక్కడే విమానమెక్కి వెళ్లిన అబ్బాయి అమెరికాలో ఇల్లు కొంటే, ఆ ఇంట్లో గాలిని కూడా పరీక్ష చేయిస్తాడు! వెతికేది రేడాన్ కోసం.

రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నేలలోని యురేనియం క్షీణించగా పుట్టే రేడియోధార్మిక వాయువు ఇది. గాలికంటే ఏడెనిమిది రెట్లు బరువు. పునాది పగుళ్లలోంచి పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చేస్తుంది!

మీకు తెలుసా? 1984లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణువిద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రాస్ అనే ఇంజనీరును చూసి రేడియేషన్ అలారం గణగణ మోగింది. అప్పటికి ఆ కేంద్రం ఇంకా మొదలే కాలేదు. మరి రేడియేషన్ ఎక్కడిది? ఇంటి నుంచి! ఆ ఇంట్లో లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీల రేడాన్ ఉంది. 4కు చేరితే బాగు చేయించమంటుంది అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ. అంటే 675 రెట్లు! అణుకేంద్రం కంటే పడకగదే ప్రమాదం, అమ్మో!

ఆ దేశంలో ఏటా సుమారు 21,000 ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలకు రేడాన్ కారణమని ఈపీఏ అంచనా. సిగరెట్ తర్వాతి స్థానం దీనిదే. సిగరెట్ ముట్టనివాళ్లలోనైతే మొదటి స్థానం!

మరి మన సంగతి? ఔటర్ రింగ్ రోడ్డు మీద వెళ్తుంటే కనిపించే ఆ గ్రానైట్ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. గ్రానైట్‌లో యురేనియం, థోరియం సహజంగానే కాస్త ఎక్కువ. దేశమంతా యురేనియం వెతికే అణు ఖనిజ సంస్థ ప్రధాన కార్యాలయం కూడా మన బేగంపేటలోనే! అలాగని గుండు పక్కన ఇల్లుంటే హడలిపోవద్దు. పక్కపక్క ఇళ్లలోనే లెక్క మారిపోతుంది. కొలిస్తేనే తేలేది.

వంటింటి గ్రానైట్ గట్టు మీద అనుమానమా? అసలు దొంగ సాధారణంగా ఇంటి కింది నేల!

రేడాన్‌కు మూసిన కిటికీలంటే మహా ఇష్టం. ఏసీ వేసుకునో, విమానాల రొద పడలేకో తలుపులన్నీ బిగించారా, అది లోపలే తిష్ఠ వేస్తుంది. ఎక్కువ పేరుకునేది సెల్లార్‌లో, గ్రౌండ్ ఫ్లోర్‌లో. పన్నెండో అంతస్తువాళ్లకు చాలావరకు బెంగ లేదు!

మీకు తెలుసా? ఆస్ట్రియాలోని గాస్టైన్‌లో ఇదే రేడాన్‌ను పీల్చడానికి జనం డబ్బిచ్చి మరీ సొరంగంలోకి వెళ్తారు, కీళ్ల నొప్పులు తగ్గుతాయని. లోకో భిన్నరుచిః!

అమెరికాలో దీనికి విరుగుడు ఒక గొట్టం, ఒక ఫ్యాన్. నేల కింది గాలిని లాగి కప్పు మీదికి వదులుతాయి. కొన్ని చోట్ల 99 శాతం దాకా తగ్గుతుందట. ఫ్యాన్ మాత్రం 24 గంటలూ తిరగాల్సిందే, సెలవుల్లేవు!

ఇల్లినాయ్‌లో 2008 నుంచి, ఇల్లు అమ్మేవాళ్లు తమకు తెలిసిన రేడాన్ లెక్కను కొనేవాళ్లకు చెప్పి తీరాలి. మన సేల్ డీడ్‌లో బావి ఉంటుంది, చెట్టు ఉంటుంది, దీని ఊసే ఉండదు. కొలిపించుకోవద్దని మాత్రం ఎవరన్నారు?

పరీక్ష బహు తేలిక. 12 గంటల ముందే కిటికీలు మూసి, బొగ్గుపొడి డబ్బాను కింది గదిలో కనీసం 48 గంటలు ఉంచి, ల్యాబుకు పంపాలి. ఆలస్యం చేశారో, ప్రతి 3.8 రోజులకూ డబ్బాలోని రేడాన్ సగమైపోతుంది. బీరువాలో పెట్టి మరిచిపోతే దొంగతో పాటు సాక్ష్యమూ మాయం!