చాకిరీ కౌలుదారుది... పరపతి పట్టాదారుది!

అమలాపురం: కోనసీమ వరిచేలలో దుక్కి మొదలు నూర్పిళ్ల వరకు చాకిరీ అంతా కౌలు రైతుదే. ఎకరాకు 30 బస్తాలు పండి, 15 మక్తాకు కొలిస్తే, ఎరువులు, కూలీలు, వడ్డీ పోను మిగిలేదెంతో రైతులకు వేరే చెప్పనక్కరలేదు.

మార్కెట్లో ధర అందరికీ ఒకటే, కష్టపడినవాడు పైకొస్తాడని కొందరి వాదన. కాని ధర వచ్చేదాకా ధాన్యం నిలవచేసే స్థోమత అందరికీ ఒకటి కాదు. పాసుపుస్తకం ఉన్న ఆసామికి బ్యాంకు అప్పిస్తుంది. అది లేని కౌలుదారు వ్యాపారి వద్ద ఎక్కువ వడ్డీకి తెచ్చి, కళ్లంలోనే ధాన్యం జమకట్టాల్సి వస్తోంది.

2011 చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చింది. 2019 చట్టం సాగు హక్కు పత్రానికి యజమాని సంతకంతో ముడిపెట్టింది. భూమి చేజారుతుందన్న భయంతో చాలామంది ఆసాములు సంతకం పెట్టలేదు. సాగు చేసేదెవరో ఊరందరికీ తెలుసు. గ్రామసభలో విచారించి కార్డులిస్తే, కౌలుదారు బిడ్డలైనా పైమెట్టు ఎక్కుతారు.