చదువుకొనుట కేది కొనవలెను?

పుస్తకములను చిన్న యంత్రములయందు చదువుకొను అలవాటు నేడు మన యిండ్లలో ప్రబలుచున్నది. బీరువా నిండు గ్రంథములు ఒక పలకలో నిముడుటచే ఇరుకిండ్లలో కాపురము చేయువారికిని, బదిలీలపై ఊళ్లు మారువారికిని ఇది మిక్కిలి సదుపాయము. అయితే టాబ్లెట్టు కొనవలెనా, పఠనమునకే యేర్పడిన ఈ-బుక్ రీడరు కొనవలెనా యను సందేహము పలువురు సోదరీమణులకు గలుగుచున్నది.

టాబ్లెట్టు తెర తానే వెలుగును ప్రసరింపజేయును. రంగుల బొమ్మలు, సినిమాలు, పిల్లల పాఠములు, దూరముననున్న కుమార్తెతో ముఖాముఖి సంభాషణము, అన్నియు దానియందు సాధ్యములే. రీడరు తెర యట్టిది గాదు. అందు తలవెండ్రుక మందము గల గుళికలు లక్షలకొలది యుండును. ప్రతి గుళికలోను తెల్లని రేణువులును నల్లని రేణువులును తేలుచుండును. విద్యుత్ప్రేరణముచే నల్లనివి పైకి వచ్చినచోట అక్షరమును, తెల్లనివి వచ్చినచోట కాగితమును అగపడును. పుట యేర్పడిన పిమ్మట దానిని నిలుపుటకు విద్యుత్తుతో పనిలేదు. అందుచేతనే ఒకమారు ఛార్జి చేసిన రీడరు కొన్ని వారములు పనిచేయును. టాబ్లెట్టును సామాన్యముగ 10 గంటల చదువునకే మరల ఛార్జి చేయవలసియుండును. ఎండలో రీడరు అచ్చుకాగితమువలె స్పష్టముగ కనబడును. రాత్రివేళకై తెర అంచులయందు చిన్న దీపములు పెక్కింటికి గలవు. బరువును తక్కువయే.

ఇంతవరకు విన్నవారు రీడరే మేలనుకొందురు. కాని తెలుగు చదువరులు ఒక విషయము మరువరాదు. అమెజాను సంస్థ 2007లో వెలువరించిన కిండిల్ రీడరు జగత్ప్రసిద్ధము. 2016లో ఆ సంస్థ కిండిల్ అంగడిలో హిందీ, తమిళము, మరాఠీ, గుజరాతీ, మలయాళ గ్రంథముల నొక్కమారుగ ప్రవేశపెట్టినపుడు తెలుగు వానిలో చేరలేదు. మన పాత గ్రంథములును పత్రికలును ఇంటర్నెట్ ఆర్కైవునందు వేలకొలది ఉచితముగ లభించుచున్నవి గాని, అవి చాలవరకు పుటలకు తీసిన ఛాయాచిత్రములు. అట్టి పుటలో అక్షరములను పెంచినచో పంక్తి తెర దాటిపోవును. ప్రతి పంక్తికిని పుటను జరుపుకొనవలెను. 6 అంగుళముల రీడరుపై ఇది మిక్కిలి విసుగు. 10 అంగుళముల టాబ్లెట్టుపై పుట యంతయు ఒక్కమారే చదువవచ్చును.

తెలుగు వికీసోర్సునందువలె అక్షరరూపమున నున్న పుస్తకములకు ఈ చిక్కు లేదు. అక్షరములు పెద్దవి చేసినకొలది పంక్తులు తామే సర్దుకొనును. చూపు మందగించిన అత్తగారికి ఇది గొప్ప మేలు. అయినను రీడరు కొనుటకు ముందు ఒక తెలుగు పుస్తకమును అందు తెరపించి, ఒత్తులు సరిగా పడుచున్నవో లేదో చూచుకొనవలెను.

ఇక యంత్రమునుబట్టి గాక యింటినిబట్టి యోచింపవలసిన దొకటి గలదు. గృహిణికి చదువుకొనుటకు దొరకు తీరిక సామాన్యముగ మధ్యాహ్నము వంటిల్లు సర్దిన పిమ్మటి గంటయే. టాబ్లెట్టు ఆమె కొఱకే కొన్నను అది యింటిల్లిపాది సొత్తగును: పిల్లల పాఠములకు, వారి ఆటలకు, పెద్దల వార్తలకు. అది ఆమె చేతికి వచ్చినపుడును నడుమ నడుమ సందేశములు మ్రోగి చదువు సాగనీయవు. రీడరులో ఆటలుగాని సినిమాలుగాని యుండవు గావున దానికై పోటీపడువారు తక్కువ.

కావున ఆంగ్ల, హిందీ నవలలును, అక్షరరూపమున నున్న తెలుగు పుస్తకములును చదువువారికి రీడరు తగును. పాత తెలుగు గ్రంథములును, పిల్లల రంగుబొమ్మల పుస్తకములును కావలసినవారికి పెద్ద టాబ్లెట్టు తగును. చదువునపుడు సందేశముల మ్రోతను మాత్రము ఆపివేయవలెను. ఇంట ఇదివరకే టాబ్లెట్టున్నచో నెలదినములు దానిపైననే చదివి చూడుడు. ముందుగా తాము చదువదలచిన పది పుస్తకముల పేర్లు వ్రాసికొని, అవి యేరూపమున లభించుచున్నవో విచారించి, పిమ్మట అంగడికి పోవుట మంచిది. ఏది కొన్నను, ఆ మధ్యాహ్నపు గంట ఆమెదే యని యింటివారు మన్నించిననే పెట్టిన సొమ్ము సార్థకమగును.