మొక్కల అక్వేరియంలో నైట్రేటు యాజమాన్యం: నత్రజని జమాఖర్చు పద్ధతి

మొక్కలు పెంచే మంచినీటి అక్వేరియంలో నైట్రేటు చేపల పెంపకం దృష్ట్యా వ్యర్థ పదార్థం, సస్యపోషణ దృష్ట్యా ప్రధాన పోషకం. అందువలన పెంపకందారులకు పరస్పర విరుద్ధమైన సలహాలు అందుతుంటాయి. నైట్రేటును పూర్తిగా తొలగించాలని కొందరు, నైట్రేటు ఎరువు వేయాలని మరికొందరు చెబుతారు. ఏ తొట్టెకు ఏ సలహా వర్తిస్తుందో తేల్చాలంటే ఆ తొట్టెలోకి వచ్చే నత్రజనిని, బయటకు పోయే నత్రజనిని లెక్కగట్టవలసి ఉంటుంది. పొలానికి పోషక సమతుల్యత లెక్కించే పద్ధతే ఇక్కడా వర్తిస్తుంది.

నత్రజని రూపాంతరాలు

చేపలు మేతలోని మాంసకృత్తులను జీర్ణించుకొని నత్రజనిలో అధిక భాగాన్ని మొప్పల ద్వారా అమ్మోనియాగా విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత, కుళ్ళిన ఆకులు కూడా అమ్మోనియానే విడుదల చేస్తాయి. నైట్రోసోమోనాస్ వంటి సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా, నైట్రోస్పైరా వర్గానికి చెందినవి నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండు దశలనూ ఒంటరిగా పూర్తి చేయగల నైట్రోస్పైరా జాతులు ఉన్నాయని 2015లో వెల్లడైంది. అమ్మోనియా, నైట్రైటులతో పోలిస్తే నైట్రేటు విషప్రభావం చాలా తక్కువ. అయినప్పటికీ గుడ్లు, పిల్ల చేపలు, కొన్ని అకశేరుకాలు దీర్ఘకాలం అధిక నైట్రేటును తట్టుకోలేవు.

తొట్టె అడుగున జరిగే ప్రక్రియ వరి మాగాణిలో జరిగే ప్రక్రియ వంటిదే. నీటికి ఆనుకొని ఉన్న పలుచని పైపొరలో ప్రాణవాయువు ఉండటం వలన నత్రీకరణ జరుగుతుంది. దాని దిగువన ప్రాణవాయువు లేని పొరలో నైట్రేటు వినత్రీకరణకు లోనై నత్రజని వాయువుగా వెలుపలికి పోతుంది. దమ్ము చేసిన మడిలో ఇది రైతుకు నష్టం. చేపలు ఎక్కువగా ఉన్న తొట్టెలో మాత్రం ప్రయోజనం. అయితే వినత్రీకరణ వేగం అడుగు పొర మందం మీద, అందులోని సేంద్రియ కర్బనం మీద ఆధారపడి ఉంటుంది. దానిని ముందుగా అంచనా వేయడం కష్టం కనుక జమాఖర్చులో దానిని చేర్చకపోవడం క్షేమకరం.

జమ: మేత

మాంసకృత్తులలో సుమారు 16 శాతం నత్రజని ఉంటుంది. 100 లీటర్ల తొట్టెలో 40 శాతం మాంసకృత్తులున్న మేతను రోజుకు ఒక గ్రాము వేస్తే 64 మి.గ్రా. నత్రజని చేరుతుంది. అందులో దాదాపు 30 శాతం చేపల శరీరంలో నిలుస్తుందనుకుంటే మిగిలిన 45 మి.గ్రా. నీటిలో కలుస్తుంది. ఒక మి.గ్రా. నత్రజని 4.43 మి.గ్రా. నైట్రేటుకు సమానం. అంటే రోజుకు సుమారు 200 మి.గ్రా. నైట్రేటు ఏర్పడుతుంది. దీనివలన 100 లీటర్ల నీటిలో నైట్రేటు సాంద్రత రోజుకు లీటరుకు 2 మి.గ్రా., వారానికి 14 మి.గ్రా. చొప్పున పెరుగుతుంది.

ఖర్చు: నీటి మార్పిడి

ప్రతి వారం ఒకే పరిమాణంలో నీరు మారుస్తూ ఉంటే నైట్రేటు కొంతకాలానికి ఒక స్థిర స్థాయికి చేరుతుంది. వారంలో చేరే నైట్రేటును మార్చే నీటి భాగంతో భాగించి, వచ్చిన విలువకు కొత్తగా పోసే నీటిలోని నైట్రేటును కలిపితే, నీరు మార్చడానికి ముందు ఉండే గరిష్ఠ స్థాయి తెలుస్తుంది. పై ఉదాహరణలో నైట్రేటు లేని నీటితో వారానికి నాలుగో వంతు మారిస్తే గరిష్ఠ స్థాయి లీటరుకు 56 మి.గ్రా.; సగం మారిస్తే 28 మి.గ్రా.

పోసే నీటిలోనే నైట్రేటు ఉన్నప్పుడు పరిస్థితి పూర్తిగా మారుతుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగునీటిలో నైట్రేటు పరిమితి లీటరుకు 45 మి.గ్రా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో పలు ప్రాంతాల భూగర్భజలాలలో ఈ పరిమితిని మించి నైట్రేటు ఉన్నట్లు కేంద్ర భూగర్భజల మండలి నివేదికలు తెలుపుతున్నాయి. 45 మి.గ్రా. ఉన్న బోరు నీటితో వారానికి నాలుగో వంతు మారిస్తే స్థాయి 101 మి.గ్రా. వరకు చేరుతుంది. ఎన్నిసార్లు మార్చినా తొట్టె నీటి స్థాయి మూలజలం స్థాయి కంటే తగ్గదు. వేసవిలో ఆవిరైన నీటి స్థానంలో బోరు నీరు పోస్తే ఈ భారం మరింత పెరుగుతుంది. నీరు ఆవిరవుతుంది కాని నైట్రేటు తొట్టెలోనే మిగులుతుంది. ఇటువంటి చోట్ల శుభ్రంగా పట్టిన వాన నీటిని గాని, ఆర్‌.ఓ. నీటిని గాని బోరు నీటితో కలిపి వాడాలి. కేవలం ఆర్‌.ఓ. నీటినే వాడితే కాల్షియం, మెగ్నీషియం లోపిస్తాయి.

ఖర్చు: మొక్కల కోత

మొక్కలు గ్రహించిన నత్రజని కోసి బయట వేసినప్పుడే తొట్టె నుండి పోయినట్లు లెక్క. ఆకులు తొట్టెలోనే కుళ్ళితే అది తిరిగి నీటిలో చేరుతుంది. కత్తిరించిన 100 గ్రాముల పచ్చి మొక్కలలో 8 శాతం ఎండు పదార్థం, అందులో 3 శాతం నత్రజని ఉందనుకుంటే 240 మి.గ్రా. నత్రజని బయటకు పోతుంది. ఇది 100 లీటర్ల తొట్టెలో లీటరుకు 10 మి.గ్రా.కు పైగా నైట్రేటుకు సమానం. వారానికి ఇంత కోత వచ్చే తొట్టెలో 14 మి.గ్రా. చేరికలో సుమారు 4 మి.గ్రా. మాత్రమే మిగులుతుంది. అప్పుడు నైట్రేటు లేని నీటితో నాలుగో వంతు మార్పిడి చేసినా గరిష్ఠ స్థాయి 16 మి.గ్రా. దాటదు.

ఈ ప్రయోజనం వేగంగా పెరిగే మొక్కల వలననే లభిస్తుంది. హైడ్రిల్లా, హార్న్‌వర్ట్, వాలిస్నేరియా ఇందుకు అనువైనవి. నీటిపై తేలే అంతరతామర గాలిలోని బొగ్గుపులుసు వాయువును నేరుగా వాడుకోగలదు కనుక మరింత వేగంగా పెరుగుతుంది. అనూబియాస్, జావా ఫెర్న్ నెమ్మదిగా పెరుగుతాయి. వాటి నుండి పెద్దగా కోత ఆశించరాదు. కోసిన మొక్కలను కంపోస్టులో వేయాలి. చెరువులలో, కాలువలలో వేస్తే అంతరతామర వంటివి గుర్రపుడెక్క మాదిరిగా కలుపుగా వ్యాపిస్తాయి.

నైట్రేటు ఎక్కువగా ఉన్నంత మాత్రాన మొక్కలు దానిని గ్రహిస్తాయని భావించరాదు. లీబిగ్ కనిష్ఠ సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. వెలుతురు, బొగ్గుపులుసు వాయువు, భాస్వరం, పొటాషియం, ఇనుములలో ఏది కొరవడినా నత్రజని వినియోగం ఆగిపోతుంది. నైట్రేటు పేరుకుపోతూ మొక్కలు ఎదగని తొట్టెలో ముందుగా ఈ పరిమిత కారకాన్ని గుర్తించాలి.

లోటు ఏర్పడినప్పుడు

చేపలు తక్కువగా, మొక్కలు దట్టంగా ఉన్న తొట్టెలో ఖర్చు జమను మించి నైట్రేటు దాదాపు శూన్యానికి చేరుతుంది. నత్రజని మొక్కలో చలనశీల పోషకం కనుక ముందుగా ముదురు ఆకులు పసుపు రంగుకు మారతాయి. లేత ఆకులు పసుపు రంగుకు మారితే ఇనుప ధాతు లోపాన్ని అనుమానించాలి. నత్రజని కొరతతో మొక్కలు బలహీనపడితే ఆ చోటును నాచు ఆక్రమిస్తుంది. నీలి ఆకుపచ్చ నాచులలో కొన్ని జాతులు నత్రజనిని స్వయంగా స్థిరీకరించుకోగలవు.

దట్టంగా నాటిన తొట్టెలలో నైట్రేటును లీటరుకు 10 నుండి 30 మి.గ్రా. మధ్య ఉంచడం ఆచరణలో ఉంది. లోటు భర్తీకి పొటాషియం నైట్రేటు అనువైనది. 16.3 గ్రా. ఎరువును 200 మి.లీ. నీటిలో కరిగించి, అందులో 10 మి.లీ. వేస్తే 100 లీటర్ల తొట్టెలో నైట్రేటు లీటరుకు 5 మి.గ్రా. పెరుగుతుంది, దానితో పాటు సుమారు 3 మి.గ్రా. పొటాషియం చేరుతుంది. యూరియా, అమ్మోనియం ఎరువులు నీటిలో అమ్మోనియాను పెంచి చేపలకు ప్రాణాంతకం కాగలవు కనుక వాడరాదు.

పరీక్షలో జాగ్రత్తలు

కొన్ని పరీక్షా కిట్లు ఫలితాన్ని నైట్రేటుగా, మరికొన్ని నైట్రేటు రూపంలోని నత్రజనిగా చూపుతాయి. రెండవ పద్ధతిలో 10 అని వస్తే అది 44 మి.గ్రా. నైట్రేటు అని గ్రహించాలి. కిట్టు సరిగా పనిచేస్తున్నదో లేదో తెలుసుకోవడానికి 1.63 గ్రా. పొటాషియం నైట్రేటును నీటిలో కరిగించి ఒక లీటరు చేయాలి. అందులో 20 మి.లీ. తీసుకొని మళ్ళీ లీటరుకు పెంచితే 20 మి.గ్రా. ప్రామాణిక ద్రావణం లభిస్తుంది. రెండుసార్లూ స్వేదన జలమే వాడాలి. తొట్టె నీటితో పాటు మూలజలాన్ని కూడా తప్పక పరీక్షించాలి.

పాత తొట్టెలను సరిచేసే విధానం

నత్రీకరణ ఆమ్లతను పెంచుతుంది. ఒక మి.గ్రా. అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారడానికి కాల్షియం కార్బొనేటు రూపేణా సుమారు 7 మి.గ్రా. క్షారత ఖర్చవుతుంది. నెలల తరబడి నీరు మార్చని తొట్టెలో క్షారత తరిగి పీహెచ్ 6 లేదా అంతకంటే దిగువకు చేరవచ్చు. అప్పుడు నత్రీకరణ మందగించి అమ్మోనియా పేరుకుంటుంది; అయితే అది హాని తక్కువైన అమ్మోనియం రూపంలో ఉండటం వలన చేపలు బతికే ఉంటాయి. నైట్రేటు తగ్గించాలనే ఉద్దేశంతో ఒకేసారి అధిక భాగం బోరు నీటితో మారిస్తే పీహెచ్ 8కి చేరి, విషపూరితమైన అమ్మోనియా నిష్పత్తి దాదాపు వంద రెట్లు పెరుగుతుంది. చేపలు గంటల్లోనే చనిపోవచ్చు.

కావున పాత తొట్టెలో నైట్రేటు ఎంత అధికంగా ఉన్నా ముందుగా పీహెచ్, అమ్మోనియా పరీక్షించాలి. అమ్మోనియా ఉన్నట్లు తేలితే మేత ఆపి, రోజుకు పదవ వంతుకు మించకుండా నీరు మారుస్తూ పీహెచ్‌ను క్రమంగా పెంచాలి. కుళాయి నీటిలోని క్లోరిన్ నత్రీకరణ సూక్ష్మజీవులను చంపుతుంది కనుక దానిని తొలగించిన తరువాతనే వాడాలి. సలహా కోరి వచ్చినవారిని విస్తరణ శాస్త్రవేత్తలు నాలుగు వివరాలు అడగాలి: రోజువారీ మేత బరువు, వారంలో మార్చే నీటి పరిమాణం, మూలజలంలోని నైట్రేటు, వారానికి తీసే మొక్కల కోత. ఈ నాలుగూ తెలిస్తే ఆ తొట్టెకు నైట్రేటు తగ్గించాలో, పెంచాలో చెప్పడం సాధ్యపడుతుంది.