డ్రాకులా (1931 సినిమా)

డ్రాకులా 1931 ఫిబ్రవరిలో విడుదలైన అమెరికన్ భయానక చిత్రం. యూనివర్సల్ సంస్థ నిర్మించిన ఈ చిత్రానికి టాడ్ బ్రౌనింగ్ దర్శకుడు. మనుషుల రక్తం తాగి బ్రతికే డ్రాకులా ప్రభువుగా హంగరీ నుండి వలస వచ్చిన నటుడు బేలా లుగోసీ నటించాడు. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన నవల దీనికి మూలం. అయితే చిత్రం ఎక్కువగా అనుసరించింది నవలను కాదు, దాని ఆధారంగా వచ్చిన నాటకాన్ని. హామిల్టన్ డీన్ 1924లో వ్రాసిన ఆ నాటకాన్ని జాన్ బాల్డర్‌స్టన్ 1927లో అమెరికా రంగస్థలం కోసం తిరగరాశాడు. లుగోసీ అందులోనూ డ్రాకులాయే.

కథలో మార్పులు

నవల దినచర్యలు, ఉత్తరాల రూపంలో దేశాలు దాటి సాగుతుంది. రంగస్థలంపై అది వీలుపడదు కనుక నాటకం కథను ఇంగ్లండులోని గదులకు కుదించింది. సినిమా ట్రాన్సిల్వేనియా ప్రయాణాన్ని తిరిగి చేర్చింది, కాని హార్కర్‌కు బదులుగా రెన్‌ఫీల్డ్‌ను అక్కడికి పంపింది. ఇది తెలివైన మార్పు. నవలలో రెన్‌ఫీల్డ్ మొదటినుండీ పిచ్చాసుపత్రి రోగి. అతనికీ డ్రాకులాకూ బంధం ఎలా ఏర్పడిందో తెలియదు. సినిమాలో అతని పతనం ప్రేక్షకుని కళ్ళముందే జరుగుతుంది.

బలాలు

కోటలో జరిగే తొలి భాగం చిత్రానికి ప్రాణం. ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ అంతకుముందు జర్మనీలో మెట్రోపొలిస్ (1927) వంటి చిత్రాలకు పనిచేశాడు. శిథిలమైన మెట్లు, వాటికి అడ్డంగా పెద్ద సాలెగూడు, శవపేటికల వైపు మెల్లగా కదిలే కెమెరా భయాన్ని పుట్టిస్తాయి. డ్రాకులా ఆ గూడు చెదరకుండానే దాటిపోతాడు, వెనుక వచ్చే రెన్‌ఫీల్డ్ మాత్రం కర్రతో చీల్చుకొని రావాలి. కోరపళ్ళు ఒక్కసారి కూడా కనిపించవు. లుగోసీ ఒక్కొక్క మాటను సాగదీసి పలికే తీరు, చూపు చాలు. రెన్‌ఫీల్డ్‌గా డ్వైట్ ఫ్రై ఓడ అడుగునుండి పైకి చూస్తూ నవ్వే నవ్వు కూడా మరపురానిది. (ఇదే కోటలో అమెరికా ఖండాలకు చెందిన ఆర్మడిల్లోలు తిరుగుతుండడం మాత్రం విచిత్రం.)

బలహీనతలు

కథ ఇంగ్లండు చేరాక సినిమా తిరిగి నాటకమైపోతుంది. పచ్చికపై తోడేలు పరుగెత్తడం చూపరు. హార్కర్ కిటికీలోంచి చూసి చెబుతాడు. రక్తపిశాచిగా మారిన లూసీ ఒక్కసారి కనిపించి మాయమవుతుంది. నవలలో ఆమె సంహారం ముఖ్యఘట్టం, ఇక్కడ ఆమె ఏమైందో ఎవరూ చెప్పరు. డ్రాకులా మరణం సైతం తెరవెనుకే, వినిపించేది మూలుగు మాత్రమే. ప్రారంభంలో పేర్లు పడేటప్పుడు చైకోవ్‌స్కీ సంగీతం వినిపించినా, ఆ తరువాత నేపథ్య సంగీతం దాదాపు లేదు. కోటలో భయపెట్టిన నిశ్శబ్దమే హాలులోని సంభాషణలను సాగదీసినట్లు చేస్తుంది.

లోపమంతా నాటకానిదే అనడానికి లేదు. అవే సెట్లలో, అదే కథనంతో, రాత్రివేళల్లో జార్జ్ మెల్ఫర్డ్ దర్శకత్వంలో స్పానిష్ చిత్రం తయారయింది. అందులో కెమెరా మరింత చురుకుగా కదులుతుంది, ఘట్టాలు ఇంకా పూర్తిగా ఉంటాయి. ఇంగ్లీషు చిత్రం సుమారు 75 నిమిషాలైతే ఇది సుమారు 104 నిమిషాలు. అయినా అందులో డ్రాకులాగా నటించిన కార్లోస్ వియారియాస్ లుగోసీకి సాటిరాలేదు.

తరువాత

చిత్రం విజయం సాధించడంతో అదే సంవత్సరం యూనివర్సల్ ఫ్రాంకెన్‌స్టైన్ చిత్రాన్ని విడుదల చేసింది. లుగోసీ మాత్రం ఈ పాత్ర నీడనుండి బయటపడలేకపోయాడు. 1956లో మరణించినపుడు డ్రాకులా అంగీతోనే ఖననం చేశారు. 1998లో ఫిలిప్ గ్లాస్ ఈ చిత్రానికి కొత్తగా తంత్రీవాద్య సంగీతం కూర్చాడు. అది ఇంగ్లండు ఘట్టాలకు కొంత వేగం ఇచ్చినా, కోటలోని నిశ్శబ్దాన్ని చెదరగొట్టింది.