తప్పు చేతిది కాదు, కెమెరాది!

మా అత్తయ్యగారి 80వ పుట్టినరోజు 2018లో చేశాం. అయినవాళ్ళంతా వచ్చారు. "ఫొటోగ్రాఫర్ దేనికి దండగ, మన వదిన ఉందిగా!" అన్నాడు మా మరిది. ఇంట్లో డిజిటల్ ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉంది. మా వారు ముచ్చటపడి కొన్నారు, వాడేది మాత్రం నేను. ఆ రోజు పట్టుచీర కొంగు బొడ్లో దోపుకుని నాలుగొందల ఫొటోలు తీశాను.

రాత్రి కంప్యూటర్‌లో వేసి చూస్తే గుండె జారిపోయింది. దగ్గర్నించి తీసిన వాటిల్లో అత్తయ్యగారి కళ్ళు మసక మసగ్గా ఉన్నాయి. "చెయ్యి వణికించి ఉంటావు" అన్నారు మా వారు. "వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి తీస్తే అంతే మరి!" అని మా ఆడపడుచు నవ్వింది. నేనూ నమ్మేశాను. మనకి అలవాటే కదా, కూర మాడినా పాలు విరిగినా ముందు మనల్నే మనం తిట్టుకుంటాం.

నాలుగేళ్ళకి, 2022లో అత్తయ్యగారు పోయారు. పదకొండో రోజుకి పటం కట్టించాలి. ఫోన్లలో తీసినవి వాట్సాప్‌లో చేతులు మారి మారి చిన్నబోయాయి, పెద్ద పటానికి పనికి రావన్నారు. ఆ రాత్రి మళ్ళీ ఆ నాలుగొందల ఫొటోలూ ముందేసుకు కూర్చున్నాను. అప్పుడు కనిపించింది అసలు సంగతి. అత్తయ్యగారి కళ్ళు మసకే. కానీ చెవి దుద్దుల్లో రాళ్ళు లెక్కపెట్టొచ్చు! కొప్పులో మల్లెపూలు రేకులతో సహా కనిపిస్తున్నాయి.

చెయ్యి వణికితే ఫొటో అంతా చెదరాలి కదా? వెనకున్నవి మాత్రం అంత శుభ్రంగా ఎలా వచ్చాయి?

అద్దం వెనక అద్దం

మా ఊళ్ళో సినిమా రీళ్ళ కాలం నుంచీ కెమెరాలు బాగుచేసే పెద్దాయన ఉన్నారు. ఫొటోలు చూపించాను. ఆయన ఒక్క నిమిషం చూసి, "మీ చెయ్యి నిక్షేపంగా ఉందమ్మా. కెమెరాయే వెనక్కి చూస్తోంది" అన్నారు.

ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో లెన్సు వెనక ఏటవాలుగా ఓ అద్దం ఉంటుంది. వెలుగు దాని మీద పడి పైకి వెళ్ళి మనం కన్ను పెట్టే వ్యూఫైండర్‌లోకి వస్తుంది. ఆ అద్దం వెనక ఇంకో బుల్లి అద్దం ఉంటుంది. అది కొంచెం వెలుగుని కిందికి, ఆటోఫోకస్ భాగం మీదికి పంపుతుంది. ఫోకస్ కుదిరిందో లేదో తేల్చేది ఆ కింది భాగం. బొమ్మ పడేది మాత్రం వెనకున్న సెన్సర్ మీద. అంటే కొలిచేది ఒకరు, కుట్టేది ఇంకొకరు అన్నమాట! లెన్సు నుంచి ఈ రెండింటికీ వెలుగు నడిచే దూరం సరిసమానంగా ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఫోకస్ మనం అనుకున్నచోటికి ముందో వెనకో పడుతుంది. ముందు పడితే ఫ్రంట్ ఫోకస్, వెనక పడితే బ్యాక్ ఫోకస్. మా కెమెరాది రెండోది.

సామాన్యమైన కెమెరాలకే ఈ తిప్పలు అనుకోకండి. ఆటల పోటీలు తీసేవాళ్ళ కోసం 2007లో వచ్చిన ఖరీదైన కానన్ వన్‌డీ మార్క్ త్రీలోనూ ఆటోఫోకస్ తప్పుతోందని గొడవైంది. చివరికి ఆ బుల్లి అద్దాన్నే ఉచితంగా సరిచేయాల్సొచ్చింది కంపెనీకి.

పోపు డబ్బాలతో పరీక్ష

అలాగని ప్రతి మసక ఫొటోకీ కెమెరాని అనడమూ అన్యాయమే. ముందు మన వైపు చూసుకోవాలి. లెన్సు పక్క మీట "ఎం" వైపుకి జరిగిపోయిందేమో చూడండి, అలా ఉంటే ఆటోఫోకస్ అసలు పనిచేయదు. మరీ దగ్గరికి వెళ్ళినా, చీకట్లో తీసినా, ఉత్త తెల్లగోడని తీసినా కెమెరాకి పట్టు దొరకదు. ఫోకస్ చుక్కల్ని కెమెరా ఇష్టానికి వదిలేస్తే సాధారణంగా దగ్గరగా ఉన్నదాన్నే పట్టుకుంటుంది. పెళ్ళికూతుర్ని తీయబోతే ముందున్న కొబ్బరిబోండాం స్పష్టంగా వచ్చేది అందుకే! మధ్య చుక్క ఒక్కటే పెట్టుకుని దాన్ని కంటి మీద ఉంచితే సగం బాధలు తీరతాయి.

చాలామంది కొనుక్కునే 50 మిల్లీమీటర్ల లెన్సుని ఎఫ్ 1.8 దగ్గర పెట్టి, మీటరు దూరం నుంచి మొహం తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 3 సెంటీమీటర్లే. ముక్కు మీద ఫోకస్ పడితే కళ్ళు మసకే. అంటే అత్తయ్యగారు తల కాస్త వెనక్కి వాల్చినా అదే జరిగి ఉండొచ్చు. మరి తప్పెవరిదో తేల్చుకునేదెలా?

పెద్దాయన చెప్పిన పరీక్ష మీరూ ఇంట్లో చేసుకోవచ్చు. అక్షరాలున్న మూడు డబ్బాలు తీసుకుని, ఒకదానికంటే ఒకటి కొంచెం వెనకగా, పక్కపక్కన పెట్టండి. కెమెరాని ట్రైపాడ్ మీదో, కదలని స్టూలు మీదో ఉంచండి. ఎఫ్ అంకె అన్నిటికంటే చిన్నది పెట్టి, మధ్య డబ్బా మీద ఫోకస్ చేసి, చెయ్యి తగలకుండా టైమర్‌తో తీయండి. ముందు వ్యూఫైండర్‌లోంచి నాలుగైదు, ప్రతిసారీ కొత్తగా ఫోకస్ చేస్తూ. తర్వాత లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూస్తూ, అలాగే తీయండి. లైవ్ వ్యూలో అద్దం పైకి లేచిపోతుంది కాబట్టి సెన్సరే స్వయంగా ఫోకస్ చూసుకుంటుంది. లైవ్ వ్యూలో మధ్య డబ్బా స్పష్టంగా వచ్చి, వ్యూఫైండర్‌తో ప్రతిసారీ వెనక డబ్బాయే స్పష్టంగా వస్తే ఇక సందేహం లేదు.

ఒక్క లెన్సుతోనే ఇలా జరిగితే ఆ లెన్సుని అనుమానించాలి. అన్ని లెన్సులతోనూ జరిగితే కెమెరాని. కాస్త పైస్థాయి కెమెరాల్లో దీన్ని మనమే దిద్దుకునే ఏర్పాటు మెనూలో ఉంటుంది. కానన్‌లో మైక్రో అడ్జస్ట్‌మెంట్ అంటారు, నికాన్‌లో ఫైన్ ట్యూన్. అటు 20, ఇటు 20 అంకెలదాకా జరపొచ్చు. మాలాంటి మొదటిమెట్టు కెమెరాల్లో అది ఉండదు. సర్వీసు సెంటర్‌కి ఇవ్వాల్సిందే. ఇచ్చేటప్పుడు కెమెరా, లెన్సు రెండూ కలిపి ఇవ్వండి, తీసిన ఫొటోలు కూడా చూపించండి. "ఫోకస్ సరిగ్గా లేదు" అంటే "అంతా బానే ఉంది మేడమ్" అని పంపించేస్తారు. నాకు మొదటిసారి అదే అయింది. రెండోసారి డబ్బాల ఫొటోలు పట్టుకెళితే మారుమాట్లాడకుండా తీసుకున్నారు!

ఆకాశంలో కదలని పక్షి

కెమెరా బాగుపడి వచ్చాక సముద్రం ఒడ్డుకి వెళ్ళాం. ఆకాశంలో చిన్న నల్లచుక్క. పక్షి అనుకున్నాం. తర్వాతి ఫొటోలోనూ అదే పక్షి, అదే చోట! అది సెన్సర్ మీది దుమ్ము.

ఎఫ్ అంకె చిన్నదిగా ఉన్నప్పుడు ఈ మచ్చలు కనబడవు. ఎఫ్ 16, 22 దగ్గర బయటపడతాయి. ఎఫ్ 16 పెట్టి, ఫోకస్ చెదరగొట్టి, మబ్బుల్లేని ఆకాశాన్ని తీసి చూడండి. ఇంకో మాట. వ్యూఫైండర్‌లో కనిపించి ఫొటోలో రాని నలుసు గురించి బెంగపడకండి, అది సెన్సర్ మీద లేదు. దాన్ని గోకడానికి అద్దం జోలికి అస్సలు వెళ్ళకండి.

ఒక్కోసారి ఈ మచ్చలు మన నిర్లక్ష్యం వల్లా కాదు. 2012లో వచ్చిన నికాన్ డీ600 కొన్నవాళ్ళు కొత్త కెమెరాలోనే మచ్చలు చూసి నెత్తీనోరూ కొట్టుకున్నారు. 2013లో డీ610 వచ్చింది. 2014లో గ్యారంటీ అయిపోయినవాళ్ళకి కూడా ఉచితంగా షట్టర్ మార్చి ఇస్తామంది కంపెనీ. వాడేవాళ్ళు ఊరుకోకుండా అడిగారు కాబట్టే అది జరిగింది.

శుభ్రం చేసే పద్ధతి ఇదీ. ముందు మెనూలో ఉండే క్లీనింగ్ నొక్కండి. సెన్సర్ సన్నగా వణికి దుమ్ము దులుపుకుంటుంది. పోకపోతే బ్యాటరీ నిండుగా చార్జి చేసి, మెనూలో అద్దం పైకి లేపే ఏర్పాటు ఎంచుకుని, కెమెరా నోరు కిందికి ఉండేట్టు పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో గాలి కొట్టండి. మధ్యలో బ్యాటరీ అయిపోతే అద్దం దభీమని పడుతుంది, జాగ్రత్త. బ్లోయర్ మూతి లోపలిదాకా దూర్చకండి. నోటితో ఊదొద్దు, తుంపర్లు పడితే దుమ్ము పోయి మరకలు మిగుల్తాయి. డబ్బాల్లో అమ్మే గాలి, చెవిలో పెట్టుకునే దూది పుల్లలు, కొంగు చివరలు... ఏవీ పనికిరావు.

జిడ్డుమచ్చలైతే గాలికి పోవు. సెన్సర్ వెడల్పుకి సరిపోయే స్వాబ్ మీద ప్రత్యేకమైన ద్రవం రెండు చుక్కలు వేసి ఒక వైపు నుంచి మరో వైపుకి ఒక్కసారి, స్వాబ్ తిరగేసి ఇంకొక్కసారి తుడవాలి. ఫొటోలో పైనున్న మచ్చ సెన్సర్ మీద కిందుంటుందని గుర్తుంచుకోండి. చేతికి ధైర్యం చాలకపోతే ఈ పని తెలిసినవాళ్ళకే వదిలేయండి, నామోషీ ఏం లేదు.

అన్నిటికంటే మంచిది దుమ్ము చేరకుండా చూసుకోవడం. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడతామా? అంతే ఇదీ. పెళ్ళిపందిట్లో తలంబ్రాలు, పసుపు, అగరొత్తుల పొగ మధ్య ఫ్యాను కింద నిలబడి లెన్సు మార్చకండి. మార్చాల్సి వస్తే పక్కగదిలోకి వెళ్ళి, కెమెరా ఆపి, నోరు కిందికి వంచి గబుక్కున మార్చండి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళవాళ్ళు గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచుకుంటే లెన్సుకి బూజు పట్టదు.

ఇప్పుడు అద్దంలేని మిర్రర్‌లెస్ కెమెరాలు వచ్చేశాయి. వాటిల్లో సెన్సరే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి మా ఇంట్లో వచ్చిన తంటా దాదాపుగా ఉండదు. అయితే చాలావాటిల్లో లెన్సు తీయగానే సెన్సర్ బట్టబయలు, దుమ్ము బెడద తప్పదు. పాత ఎస్‌ఎల్‌ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తున్నాయని పిల్లలు అడిగితే, డబ్బిచ్చే ముందు డబ్బాల పరీక్ష, ఆకాశం పరీక్ష రెండూ చేయించండి.

ఇంతకీ పటం సంగతి చెప్పలేదు కదూ! నాలుగొందల ఫొటోల్లో ఒకటి దొరికింది. ఒళ్ళో మునిమనవణ్ణి కూచోపెట్టుకుని అత్తయ్యగారు నవ్వుతున్నారు. నేను ఫోకస్ పెట్టింది పిల్లాడి మీద. కెమెరా తన అలవాటు చొప్పున వెనక్కి చూసింది. పిల్లాడు మసకబారాడు. వాడి వెనకనున్న అత్తయ్యగారి కళ్ళు మాత్రం తడితో సహా మెరుస్తూ వచ్చాయి. ఆ నవ్వే ఇప్పుడు మా హాల్లో ఉంది.

పటం చూసినప్పుడల్లా మా ఆడపడుచు "భలే తీశావే వదినా" అంటుంది. నేను తీయలేదని ఆమెకి చెప్పను. మీరూ చెప్పకండేం!