బావికడ కాపరి: జవాబు రానప్పుడేమి చేయవలెను?

బావిలోని నీటిమట్టమును కనిపెట్టి, దూరమందున్న సర్వరు అను కంప్యూటరునకు తెలుపు చిన్న పరికరములు నేడు లభించుచున్నవి. ఇట్లు తానై సర్వరును పలుకరించు దానికి క్లయింటు అని పేరు. వైఫై అందుచోట్ల, 2014లో వెలువడిన ఇ.ఎస్.పి. 8266 వంటి చిప్పు ఇందులకు చాలును. దీని జ్ఞాపకస్థానము స్వల్పము గనుక వార్త క్లుప్తముగా నుండవలెను.

క్లయింటు ప్రోగ్రాము వరుసగా వైఫైతో కలిసి, సర్వరుతో సంబంధ మేర్పరచుకొని, వార్త పంపి, జవాబు నందుకొనవలెను. పల్లెలలో సిగ్నలు తగ్గుట సామాన్యము. గడువు లేక జవాబునకై వేచియుండునట్లు ప్రోగ్రాము వ్రాసినచో పరికరము అచ్చటనే నిలిచిపోవును. బావి ఎండినను మోటారు తిరుగుచునే యుండి కాలిపోవచ్చును.

కావున మూడు నియమములు పాటింపవలెను. మొదటిది, జవాబునకు 10 సెకనుల వంటి గడువు విధించుట. రెండవది, గడువు దాటినచో సంబంధమును తెంచి, వార్తను దాచుకొని, కొంత ఆగి మరల యత్నించుట. మూడవది, వేచియున్నప్పుడును నీటిమట్టమును గమనించుచు, మోటారు నాపు నిర్ణయమును సర్వరునకు విడువక పరికరమే చేయుట.

చమురు గొట్టముల పరిశీలనకై 1999లో రూపొందిన ఎం.క్యు.టి.టి. పద్ధతిలో మరియొక సదుపాయము కలదు. క్లయింటు తన తుది సందేశమును ముందే సర్వరునకు అప్పగింపవచ్చును. క్లయింటు చెప్పక మాయమైనచో, సర్వరు దానిని కోరినవారికి అందజేయును.

ఇట్టి పరికరమును కొను రైతుసోదరులు వైఫైని ఆపించి, నీరు తగ్గినప్పుడు మోటారు ఆగుచున్నదో లేదో ముందుగా పరీక్షించి చూడవలెను.